ఒక్క చాయ్‌కి టెంట్ హౌస్

"ఒక్క అక్షరం కొట్టిన. అది తెర మీదికి వచ్చేలోపు కామారెడ్డి పోయి రావొచ్చు!" అన్నాడు గౌస్. ఎల్లారెడ్డిలోని అతని టైపింగ్ సెంటర్ మొత్తం గొల్లుమంది.

పల్లవి ముఖం మాడిపోయింది. ఆరు నెలలు కూర్చుని రాసిన టైపింగ్ సాఫ్ట్‌వేర్ అది. ఎక్కడో ఒకచోట నిలిచిందా సరే, లేదంటే రేపట్నుంచి కామారెడ్డిలో వాళ్ల బాపు ఎరువుల దుకాణంలో కూర్చోవాలి. ఇంట్లో ఒప్పందం అదే.

"నా లాప్‌టాప్‌ల మంచిగనే ఉరికింది మామా."

"నీ లాప్‌టాప్ బర్రెపాలు తాగి పెరిగింది బిడ్డా. ఇవి గంజినీళ్ల మీద బతుకుతున్నయ్."

"మీకాడ నాలుగు విండోస్‌వి, రెండు లినక్స్‌వి ఉన్నయ్. రెంటికీ కలిపి ఒక్కసారే రాసిన. గట్ల నడవాలంటే లోపల పూర్తి బ్రౌజర్‌ను మోసుకొస్తది. అందుకే బరువు."

"అంటే ఒక్క చాయ్‌కి టెంట్ హౌస్ సామానంత దించినవ్!"

గౌస్ పదో తరగతి మూడుసార్లు చదివినవాడు. ఎగతాళిలో మాత్రం పీజీ. నవ్వుతూనే తేల్చేశాడు. "టైపింగ్ పరీక్షకు పది రోజులే ఉంది. తీసెయ్, పాతదే పెట్టు. ఆ కిటికీ కాడిది మాత్రం భీమేష్‌ను అడిగి తియ్."

పల్లవి ఒక్కో కంప్యూటర్‌లో తీసేస్తూ పోయింది. కిటికీ పక్కన మానిటర్ ఆపేసి ఉంది. భీమేష్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ముఖం బయటికి తిప్పి, టకటకా కొట్టేస్తున్నాడు.

"తెర బంద్ చేసి కొడుతున్నడేంది మామా?"

"చూడకుండ కొట్టాలె. నాకాడ అదే రూలు. వీడొక్కడే నా మాట ఇంటడు." గౌస్ మీసాల్లో నవ్వుకున్నాడు.

పల్లవి మానిటర్ వేసి మౌస్ కదిపింది. ఆ చప్పుడుకు భీమేష్ ఒక ఇయర్‌ఫోన్ తీశాడు. అందులోంచి ఏదో గొంతు సన్నగా అక్షరాలు చదువుతోంది.

"అక్కా, ఇది తియ్యకు. ఎంత ఆలస్యమైనా మంచిదే."

"ఎందుకు?"

"పాత దాంట్ల ఏడాది కొట్టిన. తప్పు ఏడ పడ్డదో సార్ వచ్చి చెప్తేనే ఎరుక. ఇది జెర ఆగైనా చెప్తది."

ఊరడించడానికి అబద్ధం! గౌస్ ఎగతాళి కన్నా ఈ జాలే పల్లవిని ఎక్కువ గుచ్చింది.

"నా మనసు కోసం చెప్పకు తమ్మీ. పాత దాంట్ల తప్పు పడితే ఎర్రగ కనవడుతది గద?"

భీమేష్ వేళ్లు ఆగాయి.

"ఎర్రగంటే ఎట్లుంటదక్కా?"