మెషీన్లో ఇంకొకరు

మేడ మీద ఆఫీసులో టైపిస్టు ఒక్కతే మిగిలింది. యూనిక్స్ ఎక్కించిన కంప్యూటరు నత్తనడక నడుస్తుంటే విసిగిపోయి, లోపల ఎవరెవరున్నారో చూపించమని అడిగింది. తెర మీద రెండు పేర్లు వచ్చాయి. ఒకటి ఆమెదే. రెండోది హెడ్ గుమాస్తాగారిది. ఆయన కిందటేడే కాలం చేశారు.

ఆ మెషీన్ బిగించిన బావకే ఫోన్ చేసింది.

"బావా, దీంట్లో నాతోపాటు ఇంకొకరున్నారు."

"ఉంటే ఏంటి? యూనిక్స్ గొప్పే అది. ఒక్క కంప్యూటరు మీద నలుగురు పనిచేసుకోవచ్చు."

"నలుగురూ బతికున్నవాళ్లేనా? రెండో పేరు గుమాస్తాగారిది!"

"ఆయన కీబోర్డూ తెరా మెట్ల కింద గదిలో పడేశాం కదే. తీగ నేనే పీకేశాను."

కింద నుంచి టకటకమని కీబోర్డు చప్పుడు వినిపించింది.

"మెషీన్ ఆపేసి వచ్చెయ్!" అన్నాడు బావ.

మెషీన్ని ఆగమని టైపు కొట్టింది. చప్పుడు ఆగింది. తెర మీద ఒక్కో అక్షరమే మెల్లగా వచ్చింది.

"నా పని ఇంకా ఉందమ్మా. నువ్వు లైటు ఆర్పేసి వెళ్లు. నాకు అక్కర్లేదు."

పెద్దాయన మాట ఆమె ఏనాడూ జవదాటలేదు. లైటు ఆర్పేసి, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

దిగాల్సింది ఆ మెట్లే.