పంటి దీపం

పన్ను వెలగలేదు.

పళ్ల డాక్టరమ్మ కెమెరాను ఇంకాస్త కిందికి దించింది. నీలం లైటు నేరుగా పడుతున్నా, తెరమీద ఆ పాలపన్ను సుద్దముక్కలా మసకగానే ఉంది.

ఎదురుగా కూర్చున్న తల్లి ఖాళీ అగ్గిపెట్టెను గుప్పిట్లో బిగించింది.

"వాడి నోట్లో ఉన్నప్పుడు ఆకుపచ్చగా వెలిగింది కదండీ. మీరే చూపించారు."

నిజమే. ఆ పన్ను పీకింది డాక్టరమ్మే. పీకేముందు ఫొటో కోసం గదిలో లైట్లు ఆర్పితే, వీధంతా వినిపించేలా ఏడుపు లంకించుకున్నాడు వాడు. చీకటంటే చచ్చే భయం.

"ఒరేయ్ పిడుగూ! నోటినిండా దీపాలు పెట్టుకుని నీకు భయమేమిట్రా?" అని వాడి పళ్లు వాడికే తెరమీద చూపించింది. ఏడుపు టక్కున ఆగింది. ఆ నీలం లైటు పడితేనే వెలుగుతాయన్న సంగతి మాత్రం చెప్పలేదు. పసివాడి దగ్గర ఆ మాత్రం బొంకు తప్పదు మరి.

"ఏమ్మా, మా పిడుగును తీసుకురాలేదేం? మళ్లీ చీకట్లో పడుకోనని పేచీయా?"

"చీకటి పడిందంటే నా ప్రాణమంతా వాడి దగ్గరే ఉంటుందండీ. ఇదే వెలక్కపోతే, వాడి నోట్లోవి మాత్రం వెలుగుతాయా?" తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంతదానికి కళ్లనీళ్లేమిటని డాక్టరమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే జాలేసింది.

"పన్నుకేం కాలేదమ్మా. ఎండిపోయిందంతే. దూదిలో దాచావుగా, తడంతా పోయింది. తడి పోతే వెలుగూ తగ్గుతుంది."

పన్నును గ్లాసులో నీళ్లలో వేసింది. ఇద్దరు పేషెంట్లను చూసి వచ్చి, తీసి మళ్లీ కెమెరా కింద పెట్టింది.

ఆకుపచ్చగా వెలిగింది.

తల్లి తెరను వేలి కొసతో తాకింది. ఎన్నాళ్లకో ఊపిరి తీసుకున్నదానిలా నిట్టూర్చింది.

"చూశావా! తడి ఉన్నంతకాలం వాడి దీపాలకు ఢోకా లేదు. నేను చెప్పానని చెప్పు."

"చెబుతానండీ."

పన్నును తడిదూదిలో చుట్టుకుని గుమ్మందాకా వెళ్లిన తల్లి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

"అయితే రోజూ సాయంత్రం వెళ్లి, వాడిమీద కప్పిన మట్టిని తడిపి వస్తే చాలు కదండీ?"