సీసా మీద నిమ్మకాయ

ముందే చెబుతున్నాను, నా మాటలో చుక్క కల్తీ ఉండదు. ఉన్నది ఉన్నట్టు, పోసింది పోసినట్టు. ఇదీ అంతే, కళ్లారా చూసింది.

"అత్తయ్యా! పిడుగు ఇది తాగేసింది!"

కోడలి కేకకు వంటింట్లో గరిటె కింద పడింది. అత్తగారు పరిగెత్తుకొచ్చేసరికి హాలు మధ్యలో బకెట్టు, తడిగుడ్డ, మూత తీసి ఉన్న నేల తుడిచే మందు సీసా. పక్కనే నాలుగేళ్ల మనవరాలు. పిడుగు అని ముద్దుపేరు. గౌను మీద పసుప్పచ్చ మరకతో, పెదాలు నాక్కుంటూ కూర్చుంది.

"ఎందుకు తాగావే తల్లీ?"

"నిమ్మకాయ బొమ్మ ఉందిగా. జూసు."

అదీ నిజమే. సీసా మీద కోసిన నిమ్మకాయను, కారుతున్న రసాన్ని ఎంత ముచ్చటగా వేశారంటే పెద్దవాళ్లకే నోరూరుతుంది. లోపలి రంగూ అదే, వాసనా అదే.

"ఉప్పునీళ్లు పట్టించి కక్కించేద్దాం!" అత్తగారు గ్లాసు అందుకుంది.

అప్పటికే కోడలు ఆస్పత్రికి ఫోన్ కలిపింది. స్పీకర్లోంచి డాక్టరమ్మ గొంతు ఖంగుమంది.

"కక్కించకండి! లోపలికి దిగుతూ కాల్చే మందయితే పైకొస్తూ ఇంకోసారి కాలుస్తుంది. నోరు తుడవండి. సీసా మీద ఏమేం కలిపారో చదవండి."

కోడలు సీసా తిప్పింది. ఒకవైపు నిమ్మకాయ, ఇంకోవైపు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న ఇల్లాలు. అడుగున ఎక్కడో చీమ తలకాయంత అక్షరాలు.

"శుభ్రపరిచే పదార్థాలు, రంగు, సువాసన, నీరు... అంతే ఉందండీ."

"శుభ్రపరిచే పదార్థాలంటే ఏవి?"

"అదే రాయలేదండీ!"

"కంపెనీవాళ్లను అడగండి. అదేమిటో తెలిస్తే నా పని తేలికవుతుంది. ఈలోగా ఆటో పిలవండి. సీసా వెంట తెండి."

అత్తగారు తన ఫోన్ తీసింది. కొత్త సరుకు గురించి ఒకటి, ఫిర్యాదులకు తొమ్మిది, అన్నీ నొక్కాక ఒక తీయటి గొంతు పలికింది.

"క్షమించాలమ్మా. ఆ వివరాలు మా కంపెనీ రహస్యం."

"నా మనవరాలి పొట్టలోకి వెళ్లాక కూడా మీ రహస్యమేనా?"

"పైవాళ్లను కనుక్కుని రెండు పనిదినాల్లో..."

"పనిదినాలా? ఇక్కడ నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నామమ్మా!"

సరిగ్గా అప్పుడే మేడమీద ఉండే పెద్దాయన కిందికి దిగొచ్చాడు. ఆ వయసులోనూ చూడచక్కని మనిషి. పాపం, షుగర్ ఉందని తీపి మాన్పించారు. ఆయన సీసాను చూశాడు, పిడుగును చూశాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. నోరు తెరిచాడు. అత్తగారి మొహం చూసి మళ్లీ మూసేశాడు.

"తాతా, నేను జూసు తాగా," అంది పిడుగు. "ఇంకొంచెం కావాలి."

"ఇంకొంచెమా!" కోడలు ఏడుస్తూనే పిల్లను చంకనెత్తుకుని గుమ్మం వైపు నడిచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. నేలకు అతుక్కున్న అరికాలు టపుక్కున ఊడొచ్చింది.

"అత్తయ్యా, ఇందాకేగా తుడిచాను? నేల ఇలా అంటుకుంటోందేంటి?"

కోడలిది పెద్ద చెయ్యి. రెండు మూతలు పోయమంటే పావు సీసా పోస్తుంది. అత్తగారు వంగి చూసింది. గోడవారగా చీమలు బారు కట్టి వస్తున్నాయి. అలాంటి ఇలాంటి బారు కాదు. ముందున్న చీమ ఒకటి వెనక్కి తిరిగి, చెయ్యూపి, మిగతావాటిని పిలవడం చూశాను.

"మందు పెట్టి తుడిచిన నేలకు చీమలేంటి?" అంది అత్తగారు.

మేడమీద పెద్దాయన ఇక తట్టుకోలేకపోయాడు.

"చక్కెర," అన్నాడు.

"ఏంటీ?"

"అర కిలో చక్కెర పాకం. ఆరు నిమ్మకాయలు. చిటికెడు ఉప్పు. కాచి చల్లార్చిన నీళ్లు. ఇంకేం లేదు, ఒట్టు! అయిపోయిన సీసాను ఏడుసార్లు వేణ్ణీళ్లతో కడిగే పోశాను. నేల తుడిచే మందుల గూట్లో పెడితే ఎవరూ మూత తీసి చూడరని..."

ముందుగా తేరుకున్నది ఫోన్లోని డాక్టరమ్మే.

"కంపెనీకంటే ఈయనే నయం. కొలతలతో సహా చెప్పాడు," అని నవ్వి, వెంటనే గొంతు మార్చింది. "అయినా మందు సీసాలో తాగేవి పోస్తారండీ ఎవరైనా? బుద్ధుండాలి. పిల్లను ఓసారి తీసుకొచ్చి చూపించండి."

అక్కడ నోరూ గొంతూ చూసి, గంటసేపు కూర్చోబెట్టి, ఏమీ లేదని పంపేశారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కోడలు నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. పిడుగు దారి పొడుగునా జూసు అడుగుతూనే ఉంది.

ఇంటికి రాగానే అత్తగారు సీసాలో మిగిలింది తూములో ఒంపేసింది. ఆ తర్వాత పెద్దాయన వైపు తిరిగింది.

"నెలకు రెండు కిలోల చక్కెర ఏమైపోతోందా అనుకుంటున్నాను!"

ఆ రోజే చక్కెర డబ్బాకు తాళం పడింది. తాళంచెవి ఆవిడ మెడలోకి ఎక్కింది. రెండు పనిదినాలయ్యాక కంపెనీ నుంచి ఫోన్ కూడా వచ్చింది. వివరాలు చెప్పలేరట, పాప క్షేమమని తలుస్తున్నారట.

లోపల ఏముందో సీసా మీద రాయరేమని ఇంతసేపు అరిచి, నా కథకు నేను రాయకపోతే బాగుండదు. పిల్ల నిజం, బంక నేల నిజం, మా ఆవిడ మెడలో తాళంచెవి నిజం, చెయ్యూపిన చీమ కూడా నిజమే. కలిపింది ఒకే ఒక్కటి, మేడమీద పెద్దాయన.

మా ఇంటికి మేడ లేదు.