అదే కొట్టు, అదే సరుకు

"సబ్బు తూకం తగ్గించేశారు బాబూ, చూశావా? రేటు మాత్రం అదే," అన్నాడు పెద్దాయన, గల్లాపెట్టె వెనక నుంచి సబ్బు అందిస్తూ.

రేట్లాయన దాన్ని తిప్పి చూశాడు. వంద గ్రాములు ఉండాల్సింది ఎనభై అయిదే ఉంది. అంటే ధర మారకపోయినా పెరిగినట్టే. ఆ సంగతి ఫారంలో రాసుకుని, మంచి పని చేశారన్నాడు. పెద్దాయన ముఖం వికసించింది.

ఆ వీధంతా అతన్ని రేట్లాయన అనే పిలిచేది. గణాంకాల ఆఫీసులో అతని పని నెలనెలా రెండో మంగళవారం ఇరవై కొట్లు తిరిగి ధరలు రాసుకురావడం. అవే కొట్లు, అవే సరుకులు, అదే తూకం. అలా అయితేనే పోయిన నెలకీ ఈ నెలకీ తేడా ఎంతో తేలుతుంది. ఊళ్లన్నిటి నుంచీ వచ్చిన ధరలు కలిపి పై ఆఫీసువాళ్లు సూచీ కడతారు. పేపర్లో ద్రవ్యోల్బణం ఇంత అని పడే అంకె దాన్నుంచి వచ్చిందే. జీతాలూ పింఛన్లూ ఎంత పెంచాలో కూడా దాన్ని చూసే తేలుస్తారు.

పదేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు పెద్దాయనకి ఇదంతా చెప్పాడు. అయితే నా సబ్బు రేటు చూసి జీతాలు పెంచుతారన్నమాట, అని ఆయన పొంగిపోయాడు. అప్పట్నుంచీ ఇతను వెళ్లేసరికి షట్టర్ ఎత్తి, అరలు తుడిచి, స్టూలు వేసి సిద్ధంగా ఉండేవాడు. రెండు నిమిషాలు కూర్చుని పొమ్మనేవాడు. రేట్లాయన ఏనాడూ కూర్చోలేదు. ఇంకా పంతొమ్మిది కొట్లు తిరగాలి మరి.

మూడు నాలుగేళ్ల కిందట ఒకసారి విసుక్కున్నాడు కూడా. సబ్బు పొడి ధర ఊరంతా పెరిగితే ఈ కొట్లో మూడు నెలలుగా ఒకటే అంకె. నోటికొచ్చిన రేటు చెప్పేస్తే తన నెల కష్టమంతా నీళ్లపాలవుతుందని గట్టిగానే అన్నాడు. "పాత సరుకు బాబూ, అందుకే," అని గొణిగాడు పెద్దాయన. మరుసటి నెల నుంచి జేబులోంచి చీటీ తీసి చదవడం మొదలుపెట్టాడు. మిగతా కొట్ల రేట్లకీ దానికీ ఒక్క పైసా తేడా ఉండేది కాదు. పెద్దాయన దారిలో పడ్డాడనుకున్నాడు రేట్లాయన.

సబ్బు తూకం తగ్గిన ఆ రోజునే కొత్త కబురు చెప్పాడు.

"వచ్చే నెల నుంచి నేను రానక్కర్లేదు బాబాయ్. ఫోన్లో అడిగి రాసుకోమన్నారు."

చీటీ మడుస్తున్న పెద్దాయన చేతులు ఆగాయి.

"చూడకుండా రాస్తే అది రేటెలా అవుతుంది బాబూ?"

మీ మాట మీద నమ్మకం ఉందిగా అంటూనే అతను బండెక్కాడు.

మూడు నెలలు ఫోన్ల మీదే గడిచాయి. పెద్దాయన మొదటి రింగుకే ఎత్తేవాడు. అన్నీ చదివి, చివర్లో ఒకసారి వచ్చి కళ్లతో చూసి పొమ్మనేవాడు. వస్తాలే బాబాయ్ అనేవాడు రేట్లాయన, తర్వాతి నంబరు వెతుక్కుంటూ.

నాలుగో నెల ఎంత చేసినా ఎవరూ ఎత్తలేదు. అతనే వెళ్లాడు. షట్టర్ దించి ఉంది. పక్క మెట్ల మీంచి పెద్దాయన భార్య దిగివచ్చి, ఆయన పోయి పద్దెనిమిది రోజులైందని చెప్పింది. నిద్రలోనే పోయాడట.

రేట్లాయన షట్టర్ వైపు చూశాడు. ఒక్కసారి వచ్చి వెళ్తే తన సొమ్మేం పోయేది? పదేళ్లలో సబ్బు రేటు అడిగాడే కానీ, ఒంట్లో ఎలా ఉందని ఆయన్ని ఒక్కనాడైనా అడిగిన గుర్తు లేదు. ఆ మాటే ఆమెతో అన్నాడు.

"మీ గురించి తెగ చెప్పేవారు," అందామె.

వెళ్లబోతూ ఆగాడు. కొట్టు మూతపడితే ఆ తేదీ రాసి, దాని బదులు ఇంకో కొట్టు ఎంచుకోవాలి. ఈ సమయంలో అడగడానికి మనసొప్పలేదు. కానీ ఫారంలో ఆ గడి ఖాళీగా వదలకూడదు.

"కొట్టు ఏ రోజున మూసేశారమ్మా?"

ఆమె అతని వైపు వింతగా చూసింది.

"అది మూసేసి నాలుగేళ్లయింది బాబూ, మీరొచ్చే మంగళవారం ఒక్కటే తెరిచేవారు."