చేదు తగలని ఉగాది

ఓస్లోలో ఉగాది భోజనానికి వకుళ పదిమందిని పిలిచింది. ఏ రుచినైనా నచ్చిన రుచిగా మార్చేసే పొర అందరి నాలుకల మీదా ఉంది. ఈ రోజుల్లో లేనిదెవరికి? అయినా మొండిగా, ఊళ్లో అమ్మమ్మ పోయేముందు ఇచ్చిన ఎండు వేపపువ్వంతా పచ్చడిలో గుమ్మరించింది.

“అత్తా, అచ్చం చాక్లెట్టే!” అంటూ మేనకోడలు జాహ్నవి గిన్నె నాకేసింది.

“చేదు తగల్లేదుటే?”

“చేదంటే ఎలా ఉంటుంది?”

తనే రుచి చూసి చెబుదామని వకుళ లేచింది. వంటింట్లోకి వెళ్లి, తన నాలుక మీది పొరను గోళ్లతో పీకి పారేసి, పచ్చడి నోట్లో వేసుకుంది. మట్టి నమిలినట్టుంది. పొర కింద ఇరవయ్యేళ్లు మూతపడ్డ నాలుక, ఇక ఏ రుచీ పట్టదు.

తిరిగొచ్చి, ప్రతి ఉగాదికీ పచ్చడి తినగానే అమ్మమ్మ మొహం ఎలా చిట్లించేదో గుర్తు తెచ్చుకుని, అలాగే చిట్లించి చూపించింది.

“ఇదిగో, ఇలా ఉంటుందే.”

పదిమందీ పకపకా నవ్వి, అలాగే మొహాలు పెట్టి ఫొటో దిగారు.