అవతలి మిద్దె

“ఇది నావల్ల కాదు మద్దమ్మా,” అంటూ మిద్దె మెట్ల మీద కూలబడ్డాడు గ్లెన్.

మద్దమ్మకు అర్థం కాలేదు. అతని చేతిలో ఉన్నది ఆమె పొద్దున్నే కూర్చుని చుట్టిన మూట. లోపల ఇన్సులిన్ సీసా, దాని చుట్టూ దూది, దూది చుట్టూ తువ్వాలు, పైన గట్టిగా ప్లాస్టరు. రెండు కొసలూ మొనదేలి, ఒలిచిన టెంకాయలాగా ఉంది. అట్లా చుట్టమని చెప్పింది గ్లెనే.

వీధి అవతలి ఇంట్లో ఎనిమిదేళ్ల ఫహద్‌కు చక్కెర జబ్బు. సూదిమందు అయిపోయిందని, బిడ్డ మగతలోకి జారిపోతున్నాడని, ఆ ఇంట్లో పనిచేసే రాయచోటి సుల్తాన్‌బీ నిన్న సాయంత్రం ఫోన్ చేసి ఏడ్చింది. మద్దమ్మ పనిచేసే ఇంటి ఫ్రిజ్‌లో ఆ మందు ఉంది. అది యజమానిది. ఎండలకు తాళలేక కుటుంబంతో లండన్ పోయిన ఆయన, ఇరాక్ సైన్యం కువైట్ మీద పడటంతో అక్కడే ఉండిపోయాడు. రాత్రి కర్ఫ్యూలో గడప దాటలేను, పొద్దున మిద్దె మీదికి వచ్చి నాకోసం చూస్తుండు, ఎట్లాగైనా అందిస్తానని మద్దమ్మ చెబుతుండగానే ఫోను మూగబోయింది.

ఆ రాత్రే వీధి మలుపులో ఎవరో ఒక సైనికుణ్ణి కాల్చి చంపారు. తెల్లారేసరికి వీధికి రెండు కొసలా సైనిక లారీలు అడ్డం నిలిచాయి. సంగతి తెలియక గేటు తీసుకుని బయటికొచ్చిన పక్కింటి తోటమాలిని కాల్చేశారు. శవం ఇంకా రోడ్డు మీదే ఉంది. మందు దాటాలంటే మిద్దె మీదినుంచి మిద్దె మీదికి దాటాల్సిందే.

గ్లెన్ అమెరికావాడు. వెనకింట్లో అద్దెకుంటూ ఆటల క్లబ్బులో కసరత్తు నేర్పేవాడు. అమెరికావాళ్లను ఏరి పట్టుకుపోతున్నారని తెలిసి గోడ దూకి వస్తే, మద్దమ్మ సామాన్ల గదిలో దాచింది. దాచినవాళ్లకు ఉరి అని రేడియో చెబుతూనే ఉంది. ఆమె అన్నం పెట్టినప్పుడల్లా అతను వచ్చీరాని అరబ్బీలో తన ఆట గురించి చెప్పేవాడు. వాళ్ల ఫుట్‌బాల్ కాలితో ఆడేది కాదట, టెంకాయలాంటి బంతిని చేత్తో విసిరేదట. విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారట, జట్టుకంతా వాడే పెద్దట. కాలేజీలో నాలుగేళ్లూ ఆ పెద్దరికం తనదేననీ, తాను చెయ్యెత్తితే ఊరంతా లేచి నిలబడేదనీ చెప్పాడు. ఆ ధైర్యంతోనే మద్దమ్మ ఈ మూట చుట్టింది.

“నీకు అబద్ధం చెప్పాను,” అన్నాడు గ్లెన్, తల దించుకుని. “ఆ నాలుగేళ్లూ మైదానం గీత బయట నిలబడ్డాను. నాకంటే ముందు వరసలో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌కు ఏనాడూ జ్వరమైనా రాలేదు. చివరి ఏడు చివరి ఆటలో, గెలుపు ఖాయమయ్యాక నన్ను లోపలికి పంపారు. బంతి పట్టుకుని మోకాలు వంచి కూచో, టైము దానంతటదే అయిపోతుంది అన్నాడు కోచ్. కూచున్నాను. నేనాడింది అదొక్కటే. ఆటలో ఒక్కసారి కూడా బంతి విసరలేదు.”

ఇన్నాళ్లూ ఆ మాటలు నిజమని నమ్మినందుకు మద్దమ్మకు లోపల చురుక్కుమంది. కానీ వీధి దాటేలా విసరగల చెయ్యి ఇంట్లో అదొక్కటే.

“మరి నాలుగేండ్లు ఏం జేసినావు సార్?”

“రోజూ విసిరేవాణ్ణి. సాధనలో. అప్పుడు ఎవరూ చూడరు.”

“ఇప్పుడు గూడా ఎవురూ చూడకూడదనేగదా మన బాధ. లెయ్ సార్.”

గ్లెన్ ఆమె ముఖంలోకి చూశాడు. లేచాడు.

ఇద్దరూ మిద్దె మీద పిట్టగోడ చాటున ఒదిగారు. వీధి చాలా వెడల్పు. కింద సైనికులు నీడపట్టున సిగరెట్లు కాలుస్తున్నారు. కాసేపటికి అవతలి మిద్దె మీదికి సుల్తాన్‌బీ వచ్చింది. గోడ దగ్గర నిలబడి, రెండు చేతులూ తలపైకెత్తి ఊపసాగింది.

“సిద్ధంగా ఉంది,” అన్నాడు గ్లెన్ గుసగుసగా. “మా ఆటలో పట్టేవాడు ఇట్లాగే చేతులెత్తి అడుగుతాడు.”

నిలబడ్డాడు. రెండడుగులు వెనక్కి వేసి విసిరాడు. మూట గిర్రున తిరుగుతూ ఎండలోకి లేచి, వీధి దాటి, దిగుతూ దిగుతూ సుల్తాన్‌బీ గుండెల మీద పడింది. ఆమె రెండు చేతులా పొదివి పట్టుకుని, గోడ వెనక కూలబడింది.

కింద ఎవరో కేకేశారు. తుపాకీ పేలి నీళ్లట్యాంకుకు చిల్లిపడింది. గేటు బద్దలవుతున్న చప్పుడు వినబడింది.

మద్దమ్మ అతన్ని సామాన్ల గదివైపు లాగింది. గ్లెన్ ఆమె చెయ్యి విడిపించుకున్నాడు. ఇల్లు వెతికితే నిన్ను కూడా బతకనివ్వరు, ఇప్పుడే గోడ దూకి వచ్చానని నేనే చెబుతాను, నువ్వు నన్నెరగనని చెప్పు అన్నాడు. చేతులు పైకెత్తి మెట్లు దిగాడు. తుపాకీ మడమతో ముఖం మీద కొట్టారు. లారీ ఎక్కిస్తుంటే మద్దమ్మ వైపు తిరిగాడు. నోటినిండా నెత్తురు. అయినా నవ్వుతున్నాడు.

“పట్టుకుంది, చూశావుగా,” అన్నాడు. “పిల్లాడు బతుకుతాడు.”

తమవాణ్ణి చంపిన మనిషి దొరికాడనుకున్నారేమో, పొద్దు వాలేవేళకు సైనికులు వీధి వదిలిపోయారు. మద్దమ్మ పరుగున రోడ్డు దాటింది. సుల్తాన్‌బీ గేటు దగ్గరే కూర్చుని ఉంది. సూది వేశారా, బిడ్డ కళ్లు తెరిచాడా అని మద్దమ్మ ఆత్రంగా అడిగింది. సుల్తాన్‌బీ ఒడిలోంచి మూట తీసింది. ప్లాస్టరు ఊడదీయలేదు.

“పొద్దు పొడవకముందే పానం పోయిందక్కా బిడ్డకు,” అంది. “వొద్దు, ఇంక వెయ్యొద్దనేగదా నేను చేతులూపింది.”