పేరు లేని భాగం

దిల్‌సుఖ్‌నగర్ గదిలో మా ఇద్దరికీ ఒకటే కంప్యూటర్. అందులో నా పాత విండోస్, పౌలు లినక్స్ పక్కపక్కనే ఉండేవి. ఆ మధ్యాహ్నం పౌలు తెలంగాణ ర్యాలీకి వెళ్తూ, "నీ గుంటూరు యాసతోని బయట నోరు తెరవకురా" అని రోజూలాగే చెప్పిపోయాడు.

నేను మూడోదిగా కొత్త విండోస్ ఎక్కిస్తూ కూర్చున్నాను. డిస్కులో పేరు లేని భాగం ఒకటి కనిపిస్తే, ఖాళీదనుకుని చెరిపి అందులోకే ఎక్కించాను. మళ్లీ ఆన్ చేస్తే మెనూలో లినక్స్ లేదు. లినక్స్ ఉన్న భాగం పేరు చదవడం విండోస్‌కు రాదని అప్పుడు గుర్తొచ్చింది.

అందులో పౌలు ఫైనలియర్ ప్రాజెక్టు ఉంది. నేను కావాలనే చేశానంటాడు. ఈ రోజుల్లో కాదంటే ఎవరు నమ్ముతారు?

మెట్ల మీద పరుగు వినిపించింది. పౌలు లోపలికొచ్చి గడియ పెట్టాడు. టియర్ గ్యాస్‌కు కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నీ లినక్స్ పోయింది. నేనే చెరిపేశాను."

"మొత్తమా?"

"మొత్తం."

కుర్చీలో కూలబడ్డాడు. "ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌ల ఉంది. గా లినక్స్‌ల ర్యాలీ ఫొటోలుండెరా, అందరి మొఖాలతోని. పోలీసులు రూముల్ల దూరి కంప్యూటర్లు చూస్తుండ్రు. అవి తీసెయ్యాలనే ఉరికొచ్చిన."

తలుపు మీద లాఠీ చప్పుడైంది.

"ఇప్పుడు నువ్వు నోరు తెరవకు" అని చెప్పి, తలుపు తీయడానికి నేనే లేచాను.